కాసులు పోసిన గెలుపు దక్కునా?

గత మాసమున ఒకనాటి సాయంకాలము మా పొరుగింటి యిల్లాలు కొంగుచాటున ఏదియో దాచుకొని మా వసారాలోనికి వచ్చి కూర్చుండెను. నేను బియ్య మేరుచుంటిని. కొంతసేపు నిజాముసాగరపు కాలువనీటి మాటయు, నాట్లకూలీల మాటయు జరిగినవి. పిమ్మట ఆమె కొంగుముడి విప్పి రెండు బంగారు గాజులను నా చేటలో నుంచినది. "ఒదినా, ఇవి కుదువబెడితే పిలగాని ఫీజు ఎల్తది. పైసలు కడ్తే వాడు పెద్ద ఆటగాడైతడా? జర సారునడిగి చెప్పు" అనెను.

ఆమె కుమారునకు పదునాలుగేండ్లు. మా మహమ్మదునగరపు బడి మైదానమున బంతి వెంట పరుగెత్తుటలో వానికి సాటి లేరు. పట్టణమున కాలిబంతి, అనగా ఫుట్‌బాలు, నేర్పు ఒక ప్రైవేటు శిక్షణాలయమువారు వానిని చూచి, సంవత్సరమునకు లక్షకు పైబడిన రుసుము కట్టినచో తమ కడ నుంచుకొని నేర్పెదమనియు, పిమ్మట పెద్ద జట్లవారే వచ్చి వానిని కొనిపోదురనియు చెప్పిరట. టెలివిజనులో కనబడు ఆటగాండ్ర కోట్ల సంపాదన ఆ యింట పసివాండ్రకు సైతము కంఠస్థమై యున్నది. ఆ యింట తొమ్మిదేండ్ల ఆడుబిడ్డ కూడ కలదు. అన్నతోపాటు ఆ పిల్లయు పరుగెత్తును. ఒక్కొక్కప్పుడు వానిని దాటియు పోవును. దానిమాట ఆనాడు ఎవరును ఎత్తలేదు.

మావారు బడిపంతులు. నేనీ ప్రశ్నను వారి ముందుంచగా, "బడిపంతులు నడిగిన చదువుమనియే చెప్పును. గాజులు పెట్టునది ఆడుది, అడిగినది నిన్ను. నీవే విచారించి చెప్పుము" అని నవ్విరి. అందుచేత నేను నెలదినములు పత్రికలను, వారు తెచ్చియిచ్చిన ఒకటి రెండు పుస్తకములను తిరుగవేసితిని. పిల్లవానిని కొనిపోవుదురన్న ఆ పెద్ద జట్లే కోట్లు క్రుమ్మరించి గెలువగలవో లేవో తెలిసినచో, వాని బ్రదుకు ఎట్టివారి చేతులలో పడునో కొంత తెలియునని నా తలంపు.

భారతము చదివిన సోదరీమణులకు ఈ ప్రశ్న క్రొత్తది కాదు. యుద్ధమునకు సాయమర్థింప దుర్యోధనుడును అర్జునుడును ద్వారకకు పోయినప్పుడు, ఒకవైపు గొప్ప సేన, మఱియొకవైపు ఆయుధము పట్టని కృష్ణుడు నిలిచిరి. అర్జునుడు కృష్ణుని కోరెను. దుర్యోధనుడు సేన దక్కినందులకు లోలోన పొంగిపోయెను. చివరకు పదునొకండు అక్షౌహిణులవాడు ఓడెను. ఏడు అక్షౌహిణులవారు గెలిచిరి. అది పురాణకథ గదా యనువారికి మన హైదరాబాదు నగరముననే, మన తల్లుల కాలమున జరిగిన వృత్తాంతము కలదు.

సయ్యదు అబ్దుల్ రహీము గారు 1909లో హైదరాబాదున జన్మించిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి, అచటి జట్టులో ఆడి, పిమ్మట బడిలో ఉపాధ్యాయులైరి. (ఈ మాట వ్రాయునప్పుడు ఒక పంతులుగారి భార్యకు కొంత గర్వము కలిగినచో మన్నింతురుగాక.) 1943 మొదలు హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శిగా నుండిరి, 1950 నుండి నగర పోలీసు జట్టునకు శిక్షకులైరి. ఆ జట్టు 1950 మొదలు 1954 వఱకు వరుసగా ఐదేండ్లు బొంబాయి రోవర్సు కప్పును గెలిచినది. 1950లోనే ద్యూరాండు కప్పు తుదిపోరాటమున కలకత్తాకు చెందిన మోహన్ బగాను జట్టును ఓడించినది. కలకత్తా జట్ల వెనుక వేలకొలది అభిమానులును, ధనికులును నుండిరి. ఇచట నున్నవారు పోలీసు కొలువులోని మామూలు మనుష్యులు.

రహీము గారే భారతదేశపు జట్టునకును శిక్షకులైరి. 1951లో ఢిల్లీ యందు జరిగిన మొదటి ఆసియా క్రీడలలో మనవారు ఇరానును ఓడించి స్వర్ణపతకము నొందిరి. 1956లో మెల్బోర్ను ఒలింపిక్కు క్రీడలలో ఆస్ట్రేలియాను దాని గడ్డమీదనే 4–2 గా ఓడించి, నాలుగవ స్థానమున నిలిచిరి. ఒలింపిక్కు కాలిబంతిలో భారతదేశము అంతకంటె పైమెట్టు ఎన్నడును ఎక్కలేదు. ఆ జట్టులో హైదరాబాదువారు పలువు రుండిరి.

రహీము గారు పిల్లలకు నేర్పిన తీరు నాకు మిక్కిలి నచ్చినది. వారు కొన్ని విచిత్రమైన పోటీలు పెట్టెడివారట. ఒకదానియందు ఆటగాడు తనకు వాటము లేని కాలితోడనే బంతిని తన్నవలెను. కుడిచేతివాటపు పిల్లచేత ఎడమచేత ముగ్గు పెట్టించినట్లన్నమాట. మొదట చుక్కలు చెదరును. కొన్నాళ్లకు రెండుచేతులును పనికివచ్చును. మఱియొకదానియందు బంతిని తనకడ నుంచుకొని వయ్యారములు పోవుటకు వీలు లేదు. వచ్చిన బంతిని వెంటనే తోడివాని కందింపవలెను. ఈ రెండు విద్యలకును దమ్మిడీ ఖర్చు లేదు. కావలసినది చూచు కన్నును, విసుగులేని నోరును.

తులసీదాసు బలరాము కథ కూడ చెప్పవలెను. సికింద్రాబాదు దాపున అమ్ముగూడలో 1936లో పుట్టిన పేదపిల్లవాడు. రహీము గారు వాని ఆట చూచి, నగరమునకు వచ్చి నేర్చికొనుమనిరి. అంతదూరము వచ్చుటకు తనకడ డబ్బు లేదని వాడు చెప్పెను. అప్పుడు వారు బాడుగ సైకిలునకు పైక మిచ్చి రప్పించుకొనిరి. ఆ బాలుడే మెల్బోర్నులో ఆడెను. 1962లో జకార్తాలో ఆడెను. ఒక సైకిలు బాడుగతో దేశమునకు దక్కినది అంత గొప్పది. కోట్ల లెక్కలు చదువునప్పుడెల్ల నాకు ఆ బాడుగయే జ్ఞప్తికి వచ్చును.

జకార్తా కథ మఱియు దొడ్డది. నాడు రహీము గారి దేహమును క్యాన్సరు వ్యాధి తినుచుండెను. మొదటి పోటీలో మనవారు దక్షిణ కొరియాకు 2–0 గా ఓడిరి. తుదిపోటీలో మరల ఆ కొరియాయే ఎదురైనది. గోలు కాచు తంగరాజునకు అంతకుముందు జ్వరము. తలకు కుట్లుపడిన జర్నేలు సింగును, వెనుక కాపు కాయువానిని, రహీము గారు ముందువరుసలో నిలిపిరి. మైదానమంతయు మనవారికి ప్రతికూలముగా కేకలు వేయుచుండెను. పి.కె. బెనర్జీ ఒక గోలును, ఆ కట్టుకట్టిన తలతోడనే జర్నేలు సింగు మఱియొకటియు చేసిరి. 2–1 గా భారతదేశము గెలిచినది. అది 1962 సెప్టెంబరు 4వ తేది. మరుసటియేడు జూను 11న రహీము గారు కాలధర్మము నొందిరి. నాటినుండి నేటివఱకు ఆసియా క్రీడలలో మన పురుషుల జట్టునకు కాలిబంతియందు మరల స్వర్ణము రాలేదు. 2024లో వచ్చిన "మైదాన్" అను హిందీ చలనచిత్రము వీరి కథయే.

ఇట్లు వ్రాసినందున ఆ విజయములకు ద్రవ్యమే అక్కరలేకపోయెనని నా యభిప్రాయము కాదు. పేదరికమును పొగడుట సులభము. పేదయింట వంట చేయుట కష్టము. పోలీసు జట్టువారికి కొలువు కలదు. నెల తిరుగగానే జీతము వచ్చును. ఇంట బియ్యము నిండుకొనునను దిగులు లేక మైదానమునకు పోగలిగిరి. అది గొప్పధనము కాదు గాని, తప్పని ధనము. ఈ భేదమును పాఠకురాండ్రు గుర్తుంచుకొనవలెను.

కలకత్తా సంఘములవారు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. తాము ఓడిన ఊరిలోని ఆటగాండ్రనే ధనమిచ్చి పిలుచుకొనిరి. బలరాము 1957లో ఈస్టు బెంగాలునకు పోయెను. తరువాతి తరమున మహమ్మదు హబీబు, సయ్యదు నయీముద్దీను మున్నగు హైదరాబాదు బిడ్డలు అచటనే పేరు గడించిరి. 1977లో పేలే తన న్యూయార్కు జట్టుతో కలకత్తా వచ్చినప్పుడు, మోహన్ బగాను పక్షమున గోలు చేసినవారిలో మన హబీబు ఒకడు. పోటీ 2–2 గా ముగిసినది. ఆ పిల్లలు పోయినందులకు నేను వారిని తప్పుపట్టను. తల్లిదండ్రులను పోషింపవలసినవారు పోకేమి చేయుదురు? కాని గురువు గతించి, శిష్యులు తరలిపోగా, హైదరాబాదు ఆట క్రమముగా చిన్నబోయినది. ధనము గెలుపును సృష్టింపలేకపోయినను, ఒకచోట పండినదానిని మఱియొకచోటికి మోసికొనిపోగలదని దీనివలన తెలియుచున్నది.

ఇక దూరదేశముల లెక్కలు చూతము. ఇంగ్లండులో ఈ ఆట గొప్ప వ్యాపారము. అచట సంఘములవారు ద్రవ్యమును ముఖ్యముగా రెండుతీరుల వెచ్చింతురు. ఒకటి నెలనెల ఆటగాండ్రకిచ్చు వేతనము. రెండవది, ఒక సంఘమునకు కట్టుబడిన ఆటగానిని విడిపించి తెచ్చుకొనుటకై ఆ సంఘమునకు చెల్లించు మూల్యము. స్టీఫను షిమాన్‌స్కీ అను అర్థశాస్త్రపండితుడును సైమను కూపరు అను పత్రికారచయితయు కలిసి ఒక పుస్తకము వ్రాసిరి. అందు 1978 మొదలు 1997 వఱకు 40 ఇంగ్లీషు సంఘముల లెక్కలు పరిశీలింపబడినవి. జట్ల స్థానములలోని హెచ్చుతగ్గులలో నూటికి 92 పాళ్లు వేతనముల వ్యత్యాసముతో సరిపోయినవట. విడిపించు మూల్యముతో సరిపోయినవి నూటికి 16 పాళ్లు మాత్రమే.

ఈ రెండంకెలను నేను పదిమార్లు చదివితిని. గృహిణికి ఇందలి మర్మము తెలియుట కష్టము కాదు. పెండ్లిలో ఊరంతయు చూచునట్లు కోడలికి పెట్టిన హారము ఒకటి; ఏడాదిపొడవున ఆ కోడలికి వేళకు పెట్టు అన్నము మఱియొకటి. హారము గుఱించి ఊరు మాటలాడుకొనును. సంసారము అన్నము మీద నడచును. అయినను ఇందు ఒక సందేహము కలదు. గెలిచినవారికి వేతనము పెరుగుటయు సహజమే గాన, వేతనము వలన గెలుపో, గెలుపు వలన వేతనమో పూర్తిగా విడదీసి చెప్పుట కష్టము.

పారిస్ నగరపు సంఘము ఈ హారము కథకు మంచి నిదర్శనము. 2011లో ఖతారు దేశపు ధనము దానికి చేకూరినది. ఐరోపా విజేతల కప్పును గెలువవలెనని వారి పట్టుదల. 2017లో నేమారు అను బ్రెజిలు యువకుని విడిపించుటకు 22 కోట్ల 20 లక్షల యూరోలు చెల్లించిరి. అంత మూల్యము అంతకుముందు లోకమున ఎవరును చెల్లింపలేదు. ఎంబాపే చేరెను, 2021లో మెస్సీ కూడ వచ్చెను. ముగ్గురు రాజులు ఒక్క మైదానమున నిలిచినను కప్పు దక్కలేదు. 2023లో ఇద్దరును, 2024లో మూడవవాడును వెడలిపోయిరి. 2025 మే 31న, ఎక్కువగా యువకులతో కూడిన ఆ జట్టే తుదిపోటీలో ఇటలీకి చెందిన ఇంటరు జట్టును 5–0 గా ఓడించి కప్పు నెత్తినది. అప్పటికి వారేమియు బీదలు కాలేదు సుమా! ధనము ఉన్నదే, దానిని వెచ్చించు తీరు మారినది, దానిని నడుపు శిక్షకుడు మారెను.

ఇంగ్లండులోనే 2015–16 సంవత్సరమున లెస్టరు అను చిన్న నగరపు జట్టు తనకంటె ఎన్నోరెట్లు వేతనములిచ్చు సంఘముల నన్నిటిని దాటి ప్రథమస్థానమున నిలిచినది. అది గెలుచునని పందెము కాచినవానికి ఒకటికి ఐదువేలు ఇచ్చెదమని పందెపువ్యాపారులు ప్రకటించి యుండిరి. మన దేశముననే మిజోరాము కొండలలోని ఐజ్వాలు జట్టు, ముందటియేడు దిగువ శ్రేణికి త్రోయబడి మరల చేర్చుకొనబడినది, 2016–17లో ఐ–లీగు విజేత యైనది. ఇట్టివి వినుటకు ఎంతయో హాయి. కాని పిమ్మట ఏమాయెను? లెస్టరు గెలిపించిన శిక్షకుని ఏడాది తిరుగకముందే తొలగించినది. 2023లో దిగువ శ్రేణికి జారినది. ఐజ్వాలు శిక్షకుడైన ఖాలిదు జమీలును ఈస్టు బెంగాలు వెంటనే తీసికొనిపోయినది. (2025లో ఆయనయే భారతజట్టు శిక్షకుడయ్యెను.) కొద్దిధనముతో ఒకమారు గెలువవచ్చును, గెలిచినచోట నిలుచుట దుస్తరము.

ఇప్పుడు మన యింటికథ. 2019లో పూణే నగరపు సంఘము మూతపడగా, ఇండియన్ సూపర్ లీగు అను పోటీలలో దాని స్థానమున హైదరాబాదు ఫుట్‌బాలు క్లబ్బు వెలసినది. గచ్చిబౌలిలోని బాలయోగి క్రీడాప్రాంగణము దాని నెలవు. మొదటియేడు 18 పోటీలలో రెండింట మాత్రము గెలిచి, పది జట్లలో పదియవదై నిలిచినది. 2020లో మాన్యుయెలు మార్కెజు అను స్పెయిను దేశీయుడు శిక్షకుడుగా వచ్చెను. ఆయన పేరుమోసినవారి వెంటబడక, మన దేశపు పడుచువాండ్రను నమ్మి నిలిపెను. ఆ యేడే జట్టు ఐదవస్థానమునకు ఎక్కినది. మరుసటియేడు రెండవస్థానమున నిలిచి, 2022 మార్చి 20న గోవాలో జరిగిన తుదిపోటీలో కేరళ బ్లాస్టర్సును ఎదుర్కొన్నది. ఒక గోలు వెనుకబడి, ముగింపు సమీపించినవేళ సాహిలు తవోరా చేసిన గోలుతో 1–1 గా సమమైనది. పిమ్మట ఒక్కొక్కరు వచ్చి తన్ను పెనాల్టీలలో మన గోలురక్షకుడు లక్ష్మీకాంతు కట్టిమణి ముగ్గురిని అడ్డగించెను. హైదరాబాదు విజేత! మా బడిపిల్లలు సైతము ఆ రాత్రి వీధిలో కేకలు వేసిరి.

2022–23లోను రెండవస్థానము దక్కినది. ఆ పిమ్మట శిక్షకుడు గోవా సంఘమునకు మరలెను. 2023–24లో ఆటగాండ్రకును, సిబ్బందికిని జీతములు అందలేదు. బాకీలు తీర్పనందున క్రొత్తవారిని చేర్చుకొనరాదని ఫీఫా నిషేధించినది. విదేశీయులు నడుమనే వెడలిపోయిరి. పేరుగల మనవారును పోయిరి. మిగిలిన పసివాండ్రు 22 పోటీలాడి ఒక్కటి గెలిచి, అట్టడుగున నిలిచిరి. వారి తల్లులు ఏ మొగముతో ఆ పోటీలు చూచిరో గదా! 2024లో సంఘము క్రొత్తయజమానుల చేతికి పోయినది; 13 జట్లలో 12వ స్థానము. 2025లో అది పేరుకూడ మార్చుకొని ఢిల్లీకి తరలిపోయినది. రహీము గారి నగరమున ఆ జట్టు బ్రదికినది ఆరేండ్లు.

ఈ వృత్తాంతమును నా చేతనైనంత తేటగా చూడ యత్నించితిని. విజేతగా నిలిపినది ధనరాశి కాదు. ఓపికగల గురువును, వయసులోనున్న శిష్యులును. కూల్చినది మాత్రము ధనమే, అనగా దాని లేమి. ఉప్పు వేసినంతమాత్రమున కూర రుచి కాదు. ఉప్పు లేని కూర మాత్రము ఎవరికిని దిగదు.

నగరపు అంచున అజీజునగరులో శ్రీనిధి దక్కను అను మఱియొక సంఘము కలదు. వారు సొంత మైదానమును, పిల్లలకు నేర్పు ఏర్పాటును కలిగించుకొనిరి. ఐ–లీగులో 2022–23లోను, 2023–24లోను రెండుమార్లు రెండవస్థానమున నిలిచిరి. ప్రథమస్థానము ఒకమారును చేతికందలేదు. పునాది గట్టిగా వేసినవారికి సైతము గెలుపు వరమీయబడలేదన్నమాట. అయినను అట్టి ఓటమి యందు ఎవని జీతమును ఎగిరిపోదు.

పెద్ద లీగు సంగతియు నిలకడగా లేదు. 2025 జులైలో, నిర్వహణ ఒడంబడిక తెగకపోవుటచేత, నిర్వాహకులు రాబోవు పోటీలను ఆపివేసిరి. పలు సంఘములవారు తమవారి జీతములనే నిలిపివేసిరి. పొరుగింటి పిల్లవానిని కొనిపోవుదురన్నవారు ఇట్టివారే గదా యని నా గుండె గుభిల్లుమన్నది.

ఆడువారి ఆటను గుఱించి వ్రాయక విడిచినచో నా విచారణ సగమే యగును. పురుషుల పోటీలో కేరళ బ్లాస్టర్సు జట్టు మైదానము విడిచిపోయినందులకు ఆ సంఘమునకు 4 కోట్ల రూపాయల జరిమానా పడినది. ఆ భారమును కారణముగా చూపి 2023 జూనులో ఆ సంఘమువారు తమ ఆడువారి జట్టును నిలిపివేసిరి. తప్పు చేసినది మగవారు. ఆట పోయినది ఆడువారికి! ఇంట చేయి బిగిసినప్పుడు మొదట ఎవరి పాలచుక్క తగ్గునో మన కెఱుకయే. ఆ యేడే అఖిలభారత సమాఖ్యవారు, స్త్రీల లీగులోని ఒక్కొక్క సంఘము తక్కువపక్షము పదిమంది మన దేశపు ఆటగత్తెలకు సంవత్సరమునకు 3 లక్షల 20 వేల రూపాయలకు తగ్గకుండ ఈయవలెనని నియమించిరి. పురుషుల కోట్ల ముందట ఇది చిన్నసొమ్మే. అయినను ఇంటికి ఉత్తరము వ్రాసి "నాకు జీతము కలదు" అని చెప్పుకొనదగిన సొమ్ము.

మనకు పెద్దజిల్లాయైన నిజామాబాదు నుండియే, మా కామారెడ్డి 2016 వఱకు అందు భాగముగనే యుండినది, గుగులోతు సౌమ్య అను తండాబిడ్డ దేశపు జట్టునకు ఆడుచున్నది. 2022లో క్రొయేషియా దేశపు డైనమో జాగ్రెబు సంఘమునకు ఆడబోయినది. 2024–25లో ఈస్టు బెంగాలు స్త్రీల జట్టు లీగును గెలిచినప్పుడు అందుండినది. ఆ యేటి మేటి ఆటగత్తెగా సమాఖ్యవారి బహుమానమును అందుకొన్నది. మంజీర ఒడ్డున పుట్టిన మనవంటివారి యింట ఇట్టి పిల్ల పుట్టునని మా అత్తగారితో చెప్పగా, వారు కండ్లద్దములు సవరించుకొని ఆ చిత్రమును చాలసేపు చూచిరి.

మొన్న పొరుగింటి వదినెను పిలిచి, నాకు తెలిసినదంతయు చెప్పితిని. రుసుము కట్టినంత మాత్రమున పిల్లవాడు ఆటగాడగునని చెప్పువారిని నమ్మవలదంటిని. ఆ శిక్షణాలయమున నేర్పువాడెవడు, ఎన్నేండ్లుగా నున్నాడు, వానియొద్ద నేర్చినవారు ఇప్పుడెచట నున్నారు, మానుకొన్నచో సొమ్ము తిరిగి యిత్తురా, చదువు సాగునా – ఈ ప్రశ్నలు ఒక కాగితము మీద వ్రాసియిచ్చితిని. ఆమె మగడు ఆ కాగితము పట్టుకొని పట్టణమునకు పోయి వచ్చెను. మొదటి ప్రశ్నకే సరియైన జవాబు రాలేదట. ఇప్పుడు నేర్పువాడు వచ్చి రెండునెలలైనదట; అంతకుముందువాడు ఏల పోయెనో చెప్పలేదట.

చివరగా నేను ఆడుపిల్ల మాట ఎత్తితిని. హకీంపేటలోని ప్రభుత్వ క్రీడాపాఠశాలయందు నాలుగవ తరగతిలో పిల్లలను చేర్చుకొందురు. పరుగులు మున్నగు పరీక్షలు పెట్టి ఎంచుదురు. ఎంపికయైనవారికి చదువును, బసయు, భోజనమును ప్రభుత్వమువారివే. పిల్లవానికి ఆ వయసు దాటినది. ఆ చిన్నదానికి మాత్రము సరిగ్గా ఇదియే యేడు. వదినె చాలసేపు మాటలాడలేదు. "ఆడపిల్లనా? అంత దూరమా?" అని మాత్రము అనెను. ఆమె భయము నాకు తెలియును. నాకును ఒక కుమార్తె కలదు. వచ్చువారము మావారు దరఖాస్తు సంగతి కనుగొని వచ్చెదమనిరి. ఆమె వద్దనలేదు.

గాజులు చేతికి తొడిగికొనియే వెళ్లినది. పిల్లవానికి రహీము గారి కథ మావారే చెప్పిరి. నాటినుండి వాడు ఎడమకాలితోడనే బంతిని మా ప్రహరీగోడకు తన్నుచున్నాడు. ప్రక్కన నిలిచి ఆ చిన్నది లెక్కపెట్టుచున్నది. గోడసున్నము రాలుచున్నది, దసరాకు మరల వేయింపవలెను.